కుర్చీలో కూర్చుని వేసే ఆర్చర్‌కి రీకర్వ్ విల్లు ఎలా అమర్చాలి

రీకర్వ్ (కొనలు ముందుకి వంగిన) విల్లు లింబ్ మీద, అంటే పైనా కిందా ఉండే వంగే రెక్క మీద, 30 పౌండ్లు అని రాసి ఉంటే, అది విల్లుని 28 అంగుళాలు లాగినప్పుడు పడే బరువు. అంగుళం తక్కువ లాగితే ఇంచుమించు 2 పౌండ్లు తగ్గుతుంది. అంటే కుర్చీలో కూర్చుని 25 అంగుళాలే లాగగలిగే అమ్మాయికి అది 24 పౌండ్ల విల్లే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో హర్విందర్ సింగ్ రీకర్వ్‌లో బంగారు పతకం కొట్టాక మా ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు కూడా "మా పిల్లాడికి కాళ్లు సరిగా లేవు, విల్లు నేర్పించొచ్చా" అని అడిగే తెలుగు తల్లిదండ్రులు కనిపిస్తున్నారు. తప్పకుండా నేర్పించొచ్చు. విల్లు కొనేముందు మాత్రం కొలత తీసుకోండి, ఎవరో వాడి వదిలేసింది తెచ్చి చేతిలో పెట్టకండి.

కొలత కూడా తను ఏ సీటులో కూర్చుని వేస్తాడో అందులోనే, నడుముకి కట్టే బెల్టుతో సహా తియ్యాలి, ఎందుకంటే నడుం కండరాలు పట్టు ఇవ్వని మనిషి బెల్టు లేకపోతే లాగేటప్పుడు ఒక పక్కకి ఒరిగిపోయి కొలతే తేడా వస్తుంది. బాగా తేలికైన విల్లు, పొడుగు బాణం ఇచ్చి నెమ్మదిగా లాగమనండి. పూర్తిగా లాగినప్పుడు పిడిలో లోతైన చోటుకి సరిగ్గా ఎదురుగా బాణం మీద పెన్నుతో గీత పెట్టండి. నారి తగిలే గాడి నుంచి ఆ గీత దాకా కొలిచి 1.75 అంగుళాలు కలిపితే వచ్చేదే డ్రా లెంగ్త్, అంటే విల్లుని లాగే దూరం. లింబ్ మీద 28 అంగుళాలు అని చెప్పేదీ ఈ లెక్కలోనే.

మా దగ్గర మొదట చేతికొచ్చేది వెదురు విల్లు, చుట్టుపక్కల సవర ఊళ్లలో అది ఇంటి వస్తువే. అది ఒంటి ముక్క, బరువు మార్చాలంటే విల్లే మార్చాలి. రీకర్వ్‌లో మధ్య భాగమైన రైజర్ వేరు, లింబ్స్ వేరు, పైగా ఐఎల్ఎఫ్ రకంలో (ఏ కంపెనీ లింబ్స్ అయినా రైజర్‌కి బిగేలా ఒకే కొలతతో చేసేది) బోల్టులు తిప్పి బరువుని పదో వంతు దాకా మార్చొచ్చు. ఒంట్లో బలం రోజుకో రకంగా ఉండే మనిషికి ఇది ఎంత పెద్ద ఊరటో!

ఇక కూర్చోవడం. ఆర్చర్ గురికి పక్కగా తిరిగి కూర్చుంటాడు కాబట్టి గురివైపు చక్రం, చెయ్యి ఆనించే పట్టీ విల్లు దారిలోకి వస్తాయి. విల్లుని దూరంగానే పట్టుకుంటాడు కదా అనిపిస్తుంది, కానీ లాగినకొద్దీ నారి ఒంటివైపుకి వచ్చి, దాని కింది సగం తొడ మీదా పట్టీ మీదా రాసుకుంటుంది. దీనికి అందరూ చెప్పే ఉపాయం పొట్టి విల్లు. 70 అంగుళాల విల్లు బదులు 66 తెచ్చినా కిందివైపు తగ్గేది 2 అంగుళాలే, పైగా నారి కోణం ఇరుకై వేళ్లని నొక్కేస్తుంది. తగిలేది చక్రమో పట్టీయో అయితే ముందు ఆ పట్టీ తీసేసి, సీటు కింద గట్టి దిండు వేసి చూడండి. మనిషితో పాటు విల్లు కూడా లేస్తుంది. చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలోంచి వెయ్యడం నాకు నచ్చదు, తిప్పే పిడి అడ్డం వస్తుంది, దాని బదులు చేతులు లేని బరువైన స్టూలు మేలు. వానాకాలం మెత్తటి నేల మీద ఒక చక్రం దిగబడితే విల్లు కూడా వాలి, బాణాలు వాలినవైపే పోతాయి, కాబట్టి కింద పలక వెయ్యాలి.

చేతి వైకల్యం సంగతి వేరు. గుణుపురంలో నాకు తెలిసిన ఓ కుర్రాడికి కరెంటు షాక్‌తో కుడిచెయ్యి మోచేతి పైదాకా పోయింది. వాడు పంటితో లాగుతాడు. రెండు వేళ్ల వెడల్పున్న నైలాన్ పట్టీని నారికి చుట్టి, బాణం తగిలించే చోటికి కాస్త కింద కుట్టారు. ఆ పట్టీని వెనక పళ్లతో కరిచి, విల్లు పట్టిన ఎడమచేతిని ముందుకి తోస్తాడు, నోరు వదిలితే బాణం వెళ్తుంది. అమెరికా ఆర్చర్ ఎరిక్ బెన్నెట్ కూడా ఇలా పంటితో లాగే పారాలింపిక్స్‌లో ఆడాడు. ఇక్కడ బరువు లెక్క నిజంగా ప్రాణమంత ముఖ్యం. చెయ్యి ఎంత బలంతో విల్లుని తోస్తే నారి అంతే బలంతో దవడని లాగుతుంది, 24 పౌండ్లంటే దాదాపు 11 కిలోలు. మామూలుగా వీపు కండరాలు మోసే పని మెడ మీద పడుతుంది. అందుకే 12, 14 పౌండ్లతో మొదలుపెట్టాలి, అంతకంటే ముందు పళ్ల డాక్టర్‌కి చూపించాలి. "మెడ పట్టేసింది మావయ్యా" అని వాడు అన్న రోజు విల్లు సంచిలోకి వెళ్లిపోవాల్సిందే.

బరువు తగ్గితే బాణమూ మారాలి. బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు ఆనికల మీద పెట్టి మధ్యలో దాదాపు 880 గ్రాములు వేలాడదీస్తే, ఎన్ని వెయ్యోవంతుల అంగుళం వంగుతుందో అదే దాని స్పైన్ అంకె. 1000 అంటే అంగుళం వంగిందన్నమాట. తేలిక విల్లుకి ఇలా బాగా వంగే బాణం కావాలి, బిరుసు బాణం వేస్తే కుడిచేతి వాటం విల్లులో ఎడమకి కొట్టుకుపోతుంది, పిల్లాడేమో తప్పు తనదే అనుకుంటాడు. మొదట్లో బాణాలు పొడుగ్గానే ఉంచండి, కూర్చోవడం కుదురుకున్నాక డ్రా లెంగ్త్ అంగుళం దాకా పెరగొచ్చు. కొయ్యాల్సి వస్తే అర అంగుళమే కోసి మళ్లీ వేసి చూడాలి, పొడవు తగ్గినకొద్దీ అదే బాణం బిరుసెక్కుతుంది.