ఫైబర్ బాడీ మీద పాత ఫిట్టింగ్‌లు ఊడదీయడం: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో ఫైబర్ పని అంటే ఎక్కువ భాగం భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే బోట్లే. ఈ మధ్య ఫైబర్ బాడీ కారవాన్లు, టిఫిన్ బండ్లు కూడా మా దగ్గరికి వస్తున్నాయి. బండి ఏదైనా ఫిర్యాదు ఒకటే. పైకప్పు మీది వెంటిలేటర్, కిటికీ ఫ్రేము, పక్క లైటు, నీళ్ల ట్యాంకు మూత ఎప్పుడో సీలెంట్ (సందులు మూసే జిగురు) పెట్టి బిగించారు, ఇప్పుడు వాటి పక్క నుంచి నీళ్లు కారుతున్నాయి. మార్చాలంటే ముందు పాతవి ఊడాలి. లీకు వల్ల కంటే, వాటిని ఊడబెరికేటప్పుడు బాడీకి తగిలే దెబ్బల వల్లే ఎక్కువ పని పెరుగుతోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: స్క్రూడ్రైవర్ దూర్చి బలంగా ఎత్తితే ఏదైనా ఊడుతుంది.

ఊడుతుంది, జెల్‌కోట్‌తో సహా. పైన మెరిసే ఆ పొర మందం అర మిల్లీమీటరు, మహా అయితే ఇంకొంచెం. రేకు అయితే సొట్ట పడుతుంది, సొట్ట తీసుకోవచ్చు. జెల్‌కోట్ వంగదు, సాలెగూడులా పగులుతుంది. ఆ సన్నటి పగుళ్లలోంచి నీరు లోపలి గాజునార మ్యాట్‌లోకి దిగుతుంది. సీలెంట్‌ను లాగకూడదు, కొయ్యాలి.

కొయ్యడానికి మన తీరంలో దొరికే మంచి పనిముట్టు గేలానికి వాడే అల్లిన దారం. ఒంటిపోగు నైలాన్ తొందరగా తెగిపోతుంది, అల్లినదే తీసుకోండి. మూరెడు ముక్క కోసి, రెండు కొసలూ చిన్న కర్రముక్కలకు చుట్టండి. ఫిట్టింగ్ చుట్టూ బాడీ మీద మాస్కింగ్ టేపు వేయండి. ఒక మూలన పాత ఏటీఎం కార్డుతో కాస్త సందు చేసి, దారాన్ని అంచు కిందికి పోనివ్వండి. సబ్బు నీళ్లు చల్లుతూ, దారాన్ని బాడీకి ఆనించి, అటూ ఇటూ రంపంలా లాగండి. రెండు మూడు అంగుళాలు తెగాక ఆ సందులో పల్చటి చెక్క చీలిక పెడితే తెగిన చోట మళ్లీ అతుక్కోదు. అలా చుట్టూ తిరిగి రావాలి. మొండి సీలెంట్ అయితే పూట పడుతుంది, పట్టనివ్వండి. మొదలుపెట్టే ముందు స్క్రూలన్నీ తీశారో లేదో చూసుకోండి. పాత సీలెంట్ కింద ఒకటో రెండో దాగి ఉండటం మామూలే.

అపోహ: సీలెంట్ ఏదైనా ఒకటే, హీట్ గన్ పెడితే కరుగుతుంది.

ముందు అదేమిటో తెలుసుకోవాలి, మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. గోరుతో నొక్కండి. గుంట పడి, జిగటగా తీగలు సాగితే బ్యూటైల్ టేపు. రబ్బరులా ఉండి పట్టీలు పట్టీలుగా లేచివస్తే సిలికాన్. గట్టిగా ఉండి, ఎంత గీకినా రెండు వైపులా వదలకుండా చిన్న చిన్న ముక్కలుగా తెగితే పీయూ, అంటే పాలీయురెథేన్.

వేడికి బాగా లొంగేది బ్యూటైల్. పీయూ కొంచెం మెత్తబడుతుంది. సిలికాన్ వేడిని పట్టించుకోదు. కానీ గాజునారను పట్టి ఉంచే మామూలు పాలియెస్టర్ రెసిన్ 70 డిగ్రీల చుట్టుపక్కలకే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. హీట్ గన్ నుంచి వచ్చే గాలి 500 డిగ్రీలు కూడా దాటుతుంది. క్షణం ఆలస్యమైతే జెల్‌కోట్ పసుపెక్కి బుడగ లేస్తుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్ చాలు. అది కూడా బాడీకి కాదు, ఫిట్టింగ్‌కు చూపించండి. పక్కన బాడీ మీద అరచెయ్యి ఆనించి ఉంచండి, చెయ్యి తీసేయాలనిపిస్తే డ్రయర్ ఆపేయండి. ఇక మే నెల అయితే డ్రయర్ కూడా అక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటి దాకా బండిని ఎండలో వదిలేస్తే బ్యూటైల్ దానంతటదే మెత్తబడుతుంది. మిగిలిన జిగురును అదే బ్యూటైల్ ఉండతో అద్ది అద్ది తీసి, చివర్లో టర్పెంటైన్ గుడ్డతో తుడవండి.

అపోహ: అసిటోన్ పోస్తే సిలికాన్ కరిగిపోతుంది.

గట్టిపడిన సిలికాన్‌ను అసిటోన్ కరిగించదు. పైపైన తుడిచినట్టు కనిపిస్తుందంతే. ప్లాస్టిక్ స్క్రాపర్‌తో గీకాలి, సిలికాన్ రిమూవర్ రాసి నాననిచ్చి మళ్లీ గీకాలి. గీకడం పూర్తికాకముందే సాండ్ పేపర్ పట్టకండి. పేపర్ గీతల్లోకి సిలికాన్ ఎక్కితే దాని మీద పెయింటూ నిలవదు, జెల్‌కోటూ నిలవదు, కొత్త సిలికాన్ కూడా నిలవదు. పోయిందో లేదో చూడాలంటే నీళ్లు చిలకరించండి. మైనం పాలిష్ లేని చోట నీరు పరుచుకోకుండా గుండ్రటి బొట్లుగా నిలిస్తే సిలికాన్ ఇంకా ఉన్నట్టే.

అపోహ: ఊడదీయడం ఎందుకు, పైన ఇంకో కోటింగ్ వేస్తే చాలు.

"మీద ఇంకో పట్టీ ఏసీండి బాబూ, సరిపోద్ది" అని అడగని ఓనరు ఉండరు. సరిపోదు. కొత్తది పాతదాన్ని పట్టుకోదు. పైగా లోపలికి అప్పటికే దిగిన నీరు బయటికి వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. ఫైబర్ కుళ్లదు, నిజమే. కానీ చాలా బోట్ల డెక్కుల్లో, బండ్ల నేలలో, పైకప్పులో ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. అది కుళ్లుతుంది. రూపాయి బిళ్లతో కొడుతూ పోండి. టంగుమనే శబ్దం కాస్తా డొల్లగా మారిన చోట అనుమానించాలి. ఫిట్టింగ్ ఊడాక రంధ్రం అంచున ప్లైని పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క మార్చాల్సిందే. తడిగా ఉండి గట్టిగా ఉంటే ఆరనివ్వండి. మా వైపు వానాకాలంలో అది ఆరదు, మాఘ ఫాల్గుణాల్లో పెట్టుకోవడం మేలు. అక్టోబరులో మాత్రం పైకప్పు విప్పి పెట్టుకోకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే వచ్చాయి.

అపోహ: రివిట్‌లను గ్రైండర్‌తో లేపేయొచ్చు.

బ్లేడు ఒక్కసారి జారితే బాడీ మీద గాటు. డ్రిల్లే వాడండి. రివిట్ మధ్యలో చిన్న ఉక్కు పుల్ల మిగిలి ఉంటుంది. ముందు పంచ్‌తో దాన్ని లోపలికి కొట్టాలి, లేకపోతే బిట్టు పక్కకు జారుతుంది. రివిట్ 3.2 మిల్లీమీటర్లదైతే అదే సైజు బిట్టు, 4.8 అయితే అదే. పెద్దది వద్దు, రంధ్రం వెడల్పయితే కొత్త రివిట్ పట్టదు. తల తెగగానే ఆపేయాలి. బిట్టుతో పాటు రివిట్ కూడా తిరుగుతుంటే తలను ప్లయర్‌తో పట్టుకోండి.

దానికంటే ముందు, ఆ రివిట్ లోపల ఏం మోస్తోందో చూడండి. అమెరికాలో తయారయ్యే స్కాంప్ లాంటి చిన్న ఫైబర్ ట్రైలర్లలో లోపలి అలమరాలు కూడా గోడలోంచి వెళ్లే రివిట్‌లతోనే నిలబడతాయి. బయట తల తెగితే లోపల అలమర జారుతుంది. ఇక్కడ కట్టే కారవాన్లలోనూ అలాంటివి చూశాను.

అపోహ: పాత ఫిట్టింగ్ చెడకుండా తీస్తేనే పనితనం.

ఎండకు తెల్లబారి పెళుసెక్కిన ప్లాస్టిక్ మూత కోసం బాడీని పణంగా పెట్టడం నాకు నచ్చదు. ఎలాగూ పారేసేదే కదా. చిన్న రంపపు బ్లేడుతో దాని అంచును ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా విడిగా తీయండి. మళ్లీ దొరకని కిటికీ ఫ్రేము అయితే సంగతి వేరు, అప్పుడు దారం, ఓపిక.

అపోహ: మిగిలిన రంధ్రాలకు లప్పం పెడితే చాలు.

లప్పం నీరు పీలుస్తుంది, కుదుపులకు రాలిపోతుంది. రంధ్రం చుట్టూ వాలుగా అరగదీసి, మ్యాట్, రెసిన్ పొరలతో మూయాలి. అదే చోట మళ్లీ బోల్టు వస్తుంటే చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక కొత్తగా డ్రిల్ చేయండి. ప్లై అంచు కూడా మూసుకుపోతుంది. పాలియెస్టర్ కలిపేటప్పుడు ఒక్క జాగ్రత్త. కోబాల్ట్‌నూ (రెసిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే ద్రావణం) హార్డనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, పేలే ప్రమాదం ఉంది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో పూర్తిగా కలవాలి, ఆ తర్వాతే హార్డనర్. కుర్రాళ్లకు పని నేర్పేటప్పుడు మొదట చెప్పాల్సింది ఇదే. గ్లాసు పొడికి మాస్కు, అసిటోన్ దగ్గర బీడీ వద్దు.

కొత్త ఫిట్టింగ్‌ను మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తుందనుకుంటే కింద బ్యూటైల్ పెట్టండి. పీయూ శాశ్వతంగా ఉండాల్సిన వాటికే. బ్యూటైల్ మీద స్క్రూలను ఒకేసారి బిగించేయకుండా, రెండు మూడు రోజులు ఎండ తగిలాక ఇంకో చుట్టు తిప్పి, పక్కలకు పొంగిన దాన్ని ప్లాస్టిక్ స్క్రాపర్‌తో కోసేయండి.