ఆకలేసిన రెటీనా

మా మావయ్యకు పద్నాలుగేళ్ళుగా షుగర్. కార్తీక మాసంలో ఓ రోజు పేపర్ చదువుతుంటే ఎడమ కంట్లో సన్నటి నల్లపోగు దిగింది. అద్దాలు తుడుచుకున్నాడు, పోలేదు. మధ్యాహ్నానికి ఆ పోగు పొగలా పరుచుకుంది. "శుక్లం ముదిరిందేమోరా" అన్నాడు నాతో. శుక్లం ఒక్క పూటలో ముదరదు. షుగర్ ఉన్నవాళ్ళకు ఇలా ఉన్నట్టుండి మసక కమ్మితే కంటి లోపల నెత్తురు చిమ్మిందేమోనని అనుమానించాలి. మావయ్యకు జరిగింది అదే. కంటి వెనక బొమ్మపడే పొర అయిన రెటీనా మీద కొత్తగా మొలిచిన రక్తనాళం ఒకటి తెగింది.

కొత్త నాళాలు మొలవడం మామూలుగా మంచిదే. పుండు మానేటప్పుడు అవి పుట్టుకురావలసిందే. రెటీనాలో మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే అక్కడి సన్న నాళాల గోడలు దెబ్బతింటాయి. కొన్ని బుడిపెల్లా ఉబ్బుతాయి, కొన్ని కారతాయి, కొన్ని పూర్తిగా పూడుకుపోతాయి. ఒంట్లో ఆక్సిజన్ విపరీతంగా వాడుకునే భాగాల్లో రెటీనా ఒకటి. సరఫరా ఆగిన చోట కణాలు ఆకలితో, కొత్త నాళాలు మొలవమని కబురు చెప్పే ఒక రసాయనాన్ని విడుదల చేస్తాయి. అలాంటిదేదో ఉండి తీరాలని మైకేల్సన్ అనే కంటి వైద్యుడు 1948లోనే ఊహించాడు. వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ 1989లో దొరికింది. కంట్లో ఈ పని చేయిస్తున్నది ముఖ్యంగా అదేనని 1990లలో తేలింది.

ఆ కబురు అందుకుని నాళాలు మొలుస్తాయి గానీ, ఆకలేసిన చోటికి వెళ్ళవు. రెటీనా పైకి వచ్చి, కంటిగుడ్డును నింపి ఉండే జెల్లీ వైపు పాకుతాయి. గోడలు మరీ పలచన. జెల్లీ కాస్త లాగితే చాలు, తెగుతాయి. అలాగే వదిలేస్తే పీచులా గట్టిపడి రెటీనానే ఊడలాగుతాయి.

ఇందులో మోసం ఏమిటంటే, నెత్తురు చిమ్మే ముందురోజు దాకా మావయ్య అక్షరాల బోర్డులో ఆఖరి వరస కూడా చదవగలిగేవాడే. ఆ బోర్డు పరీక్షించేది రెటీనా నడిమధ్య భాగాన్ని. పక్కన ఏం మొలుస్తున్నా దానికి తెలియదు. కళ్ళజోళ్ళ షాపులో "చూపు భేషుగ్గా ఉంది" అన్నారని నిశ్చింతగా ఉండేవాళ్ళను చూస్తే నాకు భయం.

ఆసుపత్రిలో డ్రాప్స్ వేసి, కనుపాప పెద్దదయ్యాక డాక్టర్ చూశారు. నెత్తురు పలచగానే ఉండటంతో యాంజియోగ్రామ్, అంటే కంటి రక్తనాళాల ఫొటోలు, తీయించారు. గడ్డం స్టాండ్ మీద ఆనించి కూర్చోబెట్టి, చేతి నరంలోకి ఫ్లోరెసీన్ అనే పసుపురంగు మందు ఎక్కించారు. పది పదిహేను సెకన్లలో అది కంటికి చేరింది. నీలికాంతిలో తీస్తున్న ఫొటోల్లో ముందు ధమనులు వెలిగాయి, వెనకే సిరలు. పూడుకుపోయిన చోట్లు నల్లగా మిగిలాయి. వాటి అంచుల్లో ఉన్న తెల్లటి చుక్కలు, గుడ్డ మీద పడ్డ నూనెబొట్టులా, చూస్తుండగానే అంచులు చెరిగి పెద్దవయ్యాయి. అవే కారుతున్న కొత్త నాళాలు. ఏ ఇబ్బందీ లేని కుడికంట్లోనూ రెండుచోట్ల ఉన్నాయి! మర్నాడు మూత్రం నారింజ రంగులో వచ్చిందని అత్తయ్యకు టెన్షన్. మందు బయటికి పోవడమే అది.

ఈ పరీక్షను రూపొందించింది ఇండియానా యూనివర్సిటీ వైద్య విద్యార్థులు నొవొట్నీ, ఆల్విస్. మొదట మందు ఎక్కించుకున్నది ఆల్విసే. కంటి పత్రిక వద్దంటే, 1961లో వాళ్ళ వ్యాసం గుండె, రక్తప్రసరణల పత్రికలో వచ్చింది.

వైద్యంలో పాతది లేజర్. దాని మూలం సూర్యగ్రహణంలో ఉంది. 1945 జులై 9న గ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూసిన ఒక విద్యార్థి రెటీనా మీద కాలిన మచ్చ జర్మనీలో మేయర్ ష్విక్కరాత్ అనే డాక్టర్ కంటపడింది. వెలుగు ఇలా కాల్చగలిగితే, కావాలనే కాల్చి బాగుచేయొచ్చు కదా అనుకున్నాడు. మొదట్లో ఎండనే అద్దాలతో మళ్ళించి కంట్లోకి పంపాడు. ఇప్పుడు షుగర్ రోగులకు రెటీనా మధ్యభాగాన్ని వదిలి చుట్టూరా, కంటికి సుమారు 1200 నుంచి 1600 చుక్కలు పెడతారు. కాల్చేది కొత్త నాళాలను కాదు, ఆకలితో ఉన్న రెటీనాను. తినే నోళ్ళు కొన్ని తగ్గితే మిగిలినవాటికి ఆక్సిజన్ సరిపోతుంది, వీఈజీఎఫ్ తగ్గుతుంది, నాళాలు వాడిపోతాయి. మొరటు పద్ధతే. అయినా దీనివల్ల చూపు బాగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని 1976లో అమెరికాలో పెద్ద అధ్యయనం తేల్చింది.

రెండోది వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్. పెద్దపేగు క్యాన్సర్ కోసం 2004లో అనుమతి పొందిన బెవాసిజుమాబ్‌ను మరుసటి ఏడాదే కంట్లోకి ఇవ్వడం మొదలైంది. డోసు 0.05 మిల్లీలీటర్, అంటే ఒక బొట్టు. మత్తు చుక్కలు వేసి తెల్లగుడ్డులోంచి సన్నసూదితో ఇస్తారు. నాళాలు త్వరగా ముడుచుకుంటాయి, లేజర్‌తో పోయినట్టు పక్కచూపు పోదు. మాక్యులాలో, అంటే రెటీనా నడిమధ్య భాగంలో, నీరు చేరినవాళ్ళకు ఇదే ముందు వరస. కానీ ప్రభావం కొన్ని వారాలే. మొదట్లో నెలనెలా వెళ్ళాలి. మధ్యలో మానేస్తే నాళాలు మళ్ళీ మొలుస్తాయి, ఒక్కోసారి ముందుకన్నా ఉధృతంగా.

అందుకే కాగితం మీద ఇంజెక్షన్ ఎంత మెరుగ్గా కనిపించినా, రాగల మనిషేనా అన్నది డాక్టర్ చూసుకోవాల్సిందేనని నా అభిప్రాయం. మావయ్యను అదే అడిగారు. "నెలనెలా అంటే కష్టమండీ, పొలం పనులుంటాయి" అన్నాడు నిజాయితీగా. ఎడమ కంటికి ఒక ఇంజెక్షన్, రెండు కళ్ళకూ విడతలుగా లేజర్ చేశారు. పొగ రెండు నెలల్లో విడిపోయింది. పేపర్ మళ్ళీ చదువుతున్నాడు. చీకట్లో చూపు మాత్రం కాస్త మందగించింది, ముందే చెప్పారు కూడా. సాయంత్రం ఆరు దాటితే స్కూటర్ తాళం అత్తయ్య కొంగుకు ఉంటోంది.