కుమార పర్వతం వెళ్తామంటున్న పిల్లలకి

బెంగళూరు,
సెప్టెంబర్ ఆఖరి వారం

చిరంజీవులు సాహితికి, వరుణ్‌కి, మీతో బయల్దేరుతున్న ఫ్రెండ్స్ అందరికీ,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. గాంధీ జయంతి సెలవులకి పడమటి కనుమల్లోని కుమార పర్వతం ఎక్కుతామని, అప్పుడు వెదర్ ఎలా ఉంటుందని అడిగారు. మీరు అడగాల్సింది వెదర్ గురించి కాదర్రా, దారి గురించి. వాన ఆగిన రోజే దారి ఆరిపోదు. ఎండ కాసింది కదా అని దారి బాగున్నట్టూ కాదు. ఇదంతా వాట్సాప్‌లో పెడితే సగంలో వదిలేస్తారని కాగితం మీద రాస్తున్నాను.

ముందు ఎత్తుల సంగతి. పర్వతం 1712 మీటర్లు, మన బెంగళూరు 920 మీటర్ల ఎత్తులోనే ఉంది, అంటే ఎక్కేది ఎనిమిది వందలేగా అని వరుణ్ లెక్కేసి ఉంటాడు. రాత్రి మీరు నిద్రపోతుండగా బస్సు ఘాట్ దిగి మిమ్మల్ని కింద సముద్రం వైపు దింపేస్తుంది. కొండ కింది గుడి ఊరు కుక్కే. దానికి దగ్గరి సుబ్రహ్మణ్య రోడ్ రైల్వే స్టేషన్ ఎత్తు 120 మీటర్లే. కాబట్టి కుక్కే నుంచి మీరు ఎక్కేది దాదాపు పదహారు వందల మీటర్లు. నంది కొండ మెట్లెక్కి సెల్ఫీ పెట్టారు చూడండి, అలాంటివి ఒకే రోజు మూడు ఎక్కినట్టు. పైగా కుక్కేలో డిసెంబర్‌లో కూడా ఒళ్ళంతా చెమట, శిఖరం మీద పది డిగ్రీలు తక్కువ, దానికి తోడు ఈదురుగాలి. స్వెట్టర్ బ్యాగులో పెట్టుకోండి, కింద వేసుకుని బయల్దేరకండి.

మనవాళ్ళకి కుక్కే అంటే ఆశ్లేష బలి, సర్పసంస్కారం లాంటి నాగదోష పూజలే. తారకాసురుణ్ణి చంపాక కుమారస్వామి తన ఆయుధాన్ని అక్కడి నీళ్ళలో కడిగాడని, అందుకే ఆ ఏటికి కుమారధార అని పేరొచ్చిందని స్థలపురాణం. ఆ ఏరు పుట్టేది మీరు ఎక్కబోయే కొండ మీదే. వాన ఎక్కువగా పడే చోటు కాబట్టే ఏరు పుట్టింది. అరేబియా సముద్రం మీంచి వచ్చే మబ్బుకి పడమటి కనుమలు అడ్డం నిలబడతాయి. మబ్బు పైకి లేచి, చల్లబడి, అక్కడికక్కడే కురిసేస్తుంది. బెంగళూరులో ఏడాదంతా పడే వాన దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు. అక్కడ జూన్, జులై రెండు నెలల్లోనే అంతకు మించి పడుతుంది. ఆ రోజుల్లో దారి మూసేస్తారు. దాని గురించి ఇంక చెప్పడానికేం లేదు.

చెప్పాల్సింది అక్టోబర్ గురించే. దారి తెరిచారు అనగానే జనం ఎగబడేది అప్పుడే. కొండంతా పచ్చగా ఉంటుంది, ఫొటోలు అద్భుతంగా వస్తాయి, కాదనను. కానీ కుక్కే నుంచి, దారిలో భోజనం పెట్టే ఇల్లు భట్టర మనె దాకా మొదటి అయిదారు కిలోమీటర్లు దట్టమైన అడవి. ఎండ నేల మీద పడదు. నాలుగు నెలల తడి వేళ్ళకిందా ఆకులకిందా అలాగే ఉండిపోతుంది. రాయి మీద కాలేస్తే పట్టు దొరుకుతుంది గానీ, తడి వేరు మీద అడ్డంగా అడుగు పడితే జారడం ఖాయం. వేరు దాటాలి తప్ప తొక్కకూడదు. ఎక్కేటప్పుడు ఇది పెద్దగా తెలియదు. సాయంత్రం కాళ్ళు వణుకుతూ దిగేటప్పుడు తెలుస్తుంది.

ఇక జలగలు. దారి పక్క ఆకు కొసన సన్నటి నల్ల దారం ముక్క నిలబడి అటూ ఇటూ ఊగుతుంటుంది. అదే జలగ. మన ఒంటి వేడి, ఊపిరి పసిగట్టి అలా చేయి చాస్తుంది. కరిచినట్టే తెలియదు, మేజోడు ఎర్రబడ్డాకే చూసుకుంటారు. రక్తం గడ్డకట్టకుండా అదేదో ఎక్కిస్తుంది కాబట్టి, అది ఊడిపోయాక కూడా కాసేపు కారుతూనే ఉంటుంది. టెన్షన్ పడి పీకకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. గోరు దాని నోటి పక్కన ఆనించి పక్కకి తోస్తే వదిలేస్తుంది. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుని, ఆగకుండా నడవండి. జలగలున్న చోట కూర్చుని బిస్కెట్లు తినేవాళ్ళనే అవి పట్టుకుంటాయి. సాహితీ, జలగ వల్ల ప్రాణం పోదు. నువ్వు భయపడాల్సింది, శిఖరానికి ముందొచ్చే శేష పర్వతం దాటాక ఎదురయ్యే బండని చూసి.

భట్టర మనెలో అన్నం, సాంబారు, మజ్జిగ పుచ్చుకుని, ఫారెస్టు చెక్‌పోస్టు దాటి, కల్లు మంటపం (కన్నడంలో రాతి మంటపం) మీదుగా గడ్డి కొండల్లో ఎక్కి శేష పర్వతం చేరాక, శిఖరం వచ్చేసిందనుకుంటారు. రాలేదు. అక్కణ్ణుంచి మళ్ళీ అడవిలోకి దిగి, ఎదురుగా నిటారుగా ఉన్న బండ ఎక్కాలి. డిసెంబర్‌లో అది ఉత్త రాయి. అక్టోబర్‌లో దాని మీంచి నీళ్ళు పాకుతుంటాయి, పాచి పట్టి ఉంటుంది. ఎక్కగలిగినవాళ్ళు కూడా దిగడానికి తటపటాయిస్తారు. శేష పర్వతం అంచు వేరే గొడవ. ఒక పక్క నిలువునా లోయ. మంచు కమ్మితే నాలుగడుగుల అవతల మనిషి కనిపించడు. అలాంటప్పుడు అక్కడే కూర్చోవాలి, మబ్బు కదిలేదాకా అంచు వైపు ఒక్క అడుగూ వద్దు.

నవంబర్‌లో అడవి కొంచెం ఆరుతుంది. అయితే అది బంగాళాఖాతం తుఫాన్ల నెల. చెన్నై దగ్గర వాయుగుండం అంటే మన బెంగళూరులో రెండు మూడు రోజులు ముసురు పట్టడం మీకు తెలిసిందే. ఆ మబ్బు ఒక్కోసారి కనుమల దాకా పోతుంది. ఆరిన దారి ఒక్క రాత్రిలో మళ్ళీ మొదటికొస్తుంది. ఫోన్‌లో బెంగళూరు వాన చూసుకుని లాభం లేదు. వాతావరణ శాఖ దక్షిణ కన్నడ, కొడగు జిల్లాలకి ఏమంటోందో చూడండి. ఆ కొండ ఆ రెండింటి సరిహద్దులోనిదే. ఎల్లో అలర్ట్ ఉన్నా సరే, టికెట్ డబ్బులు పోతే పోయాయనుకోండి.

డిసెంబర్, జనవరి దారికి మంచి రోజులు. రాయి పొడిగా ఉంటుంది, జలగలు తగ్గుతాయి. ఇబ్బందులు వేరే రకం. గడ్డి కొండల్లో నీడ అనేదే లేదు, పదకొండు దాటితే శీతాకాలం ఎండ కూడా మాడ్చేస్తుంది. అక్టోబర్‌లో గలగలమన్న వాగులు సన్నబడతాయి, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు మొయ్యాలి. ఎండిన మట్టి మీద చిన్న గులకరాళ్ళు కాలికింద దొర్లుతాయి, దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడుతుంది భారమంతా. బయల్దేరడానికి రెండు రోజుల ముందు కాలిగోళ్ళు కత్తిరించుకోండి. నవ్వకండి. పదహారు వందల మీటర్లు దిగితే బూటు ముందు భాగానికి తగిలి తగిలి బొటనవేలి గోరు నల్లబడుతుంది.

జనం గొడవ కూడా దారి పరిస్థితిలో భాగమే. 2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకి అక్కడ కొండ మీద జాతరలా జనం కిక్కిరిసిపోయి, ఆ తర్వాతే రాష్ట్రంలో ట్రెక్కింగులకి ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి అన్నారు. నన్నడిగితే మంచి పనే చేశారు. మార్గశిరంలో సుబ్రహ్మణ్య షష్ఠి వస్తుంది, అక్కడివాళ్ళ చంపా షష్ఠి. ఆ వారం కుక్కేలో గది దొరకడం కల్ల. తేదీ పంచాంగంలో చూడమని మీ అమ్మమ్మని అడగండి.

ఫిబ్రవరి నుంచి గడ్డి అగ్గిపుల్లకి సిద్ధంగా ఉంటుంది. వేసవిలో ఎందుకు మూస్తారని గొణుక్కునేవాళ్ళు ఒక్క సంగతి తెలుసుకోవాలి: మంట వాలు మీద పైకి వేగంగా పోతుంది, ఎందుకంటే కింది మంట పై గడ్డిని ముందే వేడెక్కించేస్తుంది. కొండెక్కే మనిషి దానికి పై వైపునే ఉంటాడు, పరిగెత్తి తప్పించుకోలేడు. పైగా ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పిడుగులు. చెట్టు లేని కొండ కొమ్మున అన్నింటికన్నా ఎత్తయినది మీ తలకాయే.

ఇంకొకటి. డిసెంబర్ నుంచి మే దాకా మలెనాడు, అంటే కర్ణాటక కొండ ప్రాంతపు అడవుల్లో మంగన జ్వరం, అదే కోతి జ్వరం, భయం ఉంటుంది. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపోతుంటే బయటపడింది. దాన్ని మోసేవి పిడుదులు, పశువులకి పట్టే గోమార్ల లాంటివి. కాబట్టి ఎండాకాలపు అడవిలో ఆకుల మీద కూర్చోవద్దు, నిండు చేతుల చొక్కాలు వేసుకోండి, ఇంటికొచ్చాక బట్టలు వేడినీళ్ళలో పడేయండి. తర్వాత జ్వరం వస్తే అడవికి వెళ్ళొచ్చామని డాక్టర్‌కి ముందే చెప్పండి.

అందుచేత గాంధీ జయంతి వద్దు. షష్ఠి జనం తగ్గాక, ఇయర్ ఎండ్ రద్దీకి ముందు, డిసెంబర్‌లో మామూలు వారం మధ్య రోజులు చూసుకోండి. కాలేజీ రెండు రోజులు ఎగ్గొట్టాలి, మీ నాన్నతో నేను మాట్లాడతాను. బుకింగ్ దొరక్కపోతే ఆ వారానికి బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ ఎక్కి రండి, దొంగదారిన మాత్రం కుమార పర్వతం అడవిలోకి పోకండి, అక్కడ ఏనుగులున్నాయి. ఈలోగా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మానేయండి. ఎక్కడం కన్నా దిగడమే ప్రాక్టీస్ చేయండి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎక్కడుంటే అక్కణ్ణుంచే వెనక్కి తిరగాలి, శిఖరం కళ్ళెదుట ఉన్నా సరే. బయట ఆరింటికి పొద్దుగూకితే కింది అడవిలో అయిదింటికే చీకటి. నా దగ్గర రెండు హెడ్‌ల్యాంపులున్నాయి, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళండి. బ్యాటరీలు కొత్తవి మీరే కొనుక్కోండి.

మీ పెద్దమ్మ