కేయాస్, నెట్‌వర్కులు: మా లెక్కల గురించి అపోహలు, వాస్తవాలు

గుంటూరులో పీజీ పిల్లలకు లెక్కలు చెబుతాను. నా రీసెర్చ్ నాన్‌లీనియర్ డైనమిక్స్‌లో (కారణానికి తగిన నిష్పత్తిలో ఫలితం రాని, కాలంతో మారే వ్యవస్థల లెక్కలు), కాంప్లెక్స్ నెట్‌వర్కుల్లో (ఎన్నో బిందువులు చిక్కుగా కలిసిన అల్లికలు). పెళ్లిళ్లలో, రైల్లో, స్టాఫ్‌రూములో నాకు ఎదురయ్యే మాటలు ఏళ్లు గడిచినా మారవు. కొన్ని బయటివాళ్లవి, కొన్ని మా రంగంలోవాళ్లవే. నా దృష్టిలో రెండో రకానివే ఎక్కువ ప్రమాదం.

అపోహ: లెక్కల్లో ఇంకా కనిపెట్టేదేముంది, అన్నీ ఎప్పుడో తేల్చేశారుగా?

మన వైపు ఈ మాట రావడంలో ఆశ్చర్యం లేదు. ఇంటర్ ఎంపీసీ పిల్లాడు చూసే ప్రతి లెక్కకూ జవాబు ముందే ఉంటుంది, అదీ నాలుగు ఆప్షన్లలో. ఆ పిల్లాడికి బాగా తెలిసిన క్వాడ్రాటిక్స్‌తోనే ఒక ప్రశ్న వేస్తాను. కాలంతో ఎక్స్, వై మారే వేగాలు, అంటే డీఎక్స్ బై డీటీ, డీవై బై డీటీ, రెండూ ఎక్స్, వైలలో క్వాడ్రాటిక్ పాలినామియల్స్ అనుకుందాం. ఇలాంటి సిస్టమ్‌లో లిమిట్ సైకిల్స్, అంటే (ఎక్స్, వై) బిందువు నడిచే పక్క దారులను తమవైపు లాక్కునే లేదా దూరంగా తోసేసే ఒంటరి వలయాలు, గరిష్ఠంగా ఎన్ని ఉండొచ్చు? 1900లో జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ ముందుంచిన 23 సమస్యల్లో 16వ దాని రెండో భాగం ఇదే. 4 లిమిట్ సైకిల్స్ ఉన్న ఉదాహరణలు దొరికాయి. 4కు మించవని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. అన్ని క్వాడ్రాటిక్ సిస్టమ్స్‌కూ కలిపి ఒక పైహద్దు ఉందన్న సంగతికి కూడా నిరూపణ లేదు.

అపోహ: కేయాస్ అంటే అంతా అదృష్టం మీద నడిచేది, దేన్నీ ముందుగా చెప్పలేం.

వాస్తవం: కేయాస్ అంటే కచ్చితమైన సూత్రం మీదే నడుస్తూ, ఆరంభంలోని చిన్న తేడాను పెద్దది చేసేసే కదలిక. అందులో అదృష్టానికి చోటే లేదు. ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తీయండి. ఒక సంఖ్య తీసుకుని, దాన్ని 1 నుంచి తీసేయగా మిగిలినదానితో గుణించి, మళ్లీ 4తో గుణించండి. వచ్చినదానికి మళ్లీ అదే చేయండి. 0.3తో మొదలుపెడితే 0.84, 0.5376, 0.9943 వస్తాయి. ఇప్పుడు 0.301తో మొదలుపెట్టండి: 0.8416, 0.5332, 0.9956. మూడు మెట్ల దాకా రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఏడో మెట్టుకు మొదటిది 0.87, రెండోది 0.77. పదో మెట్టుకు మొదటిది 0.043, రెండోది 0.620. సూత్రం మారలేదు, మధ్యలో ఎవరూ పాచిక వేయలేదు. మొదట్లో ఉన్న 0.001 తేడా సగటున మెట్టుమెట్టుకూ రెట్టింపవుతూ పోయింది, అంతే.

అసలు కిటుకు ఆ రెట్టింపులో ఉంది. పదిసార్లు రెట్టింపైతే 1024 రెట్లు. అంటే మొదటి కొలతను వెయ్యి రెట్లు కచ్చితంగా తీసుకున్నా మనకు అదనంగా దక్కేది ఇంకో పది మెట్ల జోస్యమే. పరికరం ఖరీదు కొండెక్కుతుంది, చూపు మాత్రం నాలుగడుగులే ముందుకు సాగుతుంది. అలాగని ఆ పది మెట్లూ అబద్ధమా? కాదు. వాటిని ధైర్యంగా చెప్పొచ్చు. ఎన్ని మెట్ల దాకా ధైర్యంగా చెప్పొచ్చో లెక్కగట్టడమే మా పనిలో పెద్ద భాగం. తేడా పెరిగే ఆ వేగాన్ని కొలిచేదే లియాపునోవ్ ఎక్స్‌పొనెంట్.

వాతావరణం సంగతీ ఇంతే. 1961లో అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన వాతావరణ మోడల్‌ను కంప్యూటర్‌లో మళ్లీ నడుపుతూ, 0.506127 ఉండాల్సిన చోట ప్రింటవుటులో కనిపించిన 0.506 ఇచ్చాడు. కాసేపటికి మోడల్‌లోని వాతావరణం మొత్తం వేరే దారి పట్టింది. రోజువారీ వాతావరణాన్ని ముందుగా చెప్పగలిగే హద్దు సుమారు రెండు వారాలని అంచనా. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ హెచ్చరికలు మనకు ముందే అందాయంటే, అప్పటికి లెక్క ఇంకా హద్దు లోపలే ఉందన్నమాట. ఫోర్‌కాస్ట్ సెంటర్లలో ఒకే మోడల్‌ను కొంచెం కొంచెం తేడా ఉన్న ఆరంభాలతో ఎన్నోసార్లు నడుపుతారు. దారులన్నీ దగ్గరగా వస్తే గట్టిగా చెబుతారు, విసనకర్రలా విచ్చుకుంటే జాగ్రత్తగా మాట్లాడతారు.

ఇక సీతాకోకచిలుక. బ్రెజిల్‌లో అది రెక్క ఆడిస్తే టెక్సస్‌లో సుడిగాలి వస్తుందని లోరెంజ్ తేల్చి చెప్పలేదు. 1972 ప్రసంగానికి ఆ శీర్షిక ప్రశ్న రూపంలో ఉంది, అదీ ఫిలిప్ మెరిలీస్ అనే మరో వాతావరణ శాస్త్రవేత్త పెట్టింది. రెక్క ఆడిస్తే సుడిగాలి రావచ్చనుకుంటే, రావాల్సింది ఆగిపోనూవచ్చని లోరెంజ్ అదే ప్రసంగంలో అన్నాడు. ఆ రెండో సగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అపోహ: నెట్‌వర్కులో ఎక్కువ లింకులున్న నోడ్ ఏదో అదే ముఖ్యం.

నెట్‌వర్కులో నోడ్ అంటే బిందువు, లింకు అంటే రెండు నోడ్లను కలిపే గీత. రైల్వేలో అయితే స్టేషన్లు నోడ్లు, పట్టాలు లింకులు. విజయవాడ జంక్షన్ విషయంలో ఇది నిజమే. కాజీపేట, విశాఖ, గుడివాడ, కృష్ణ దాటి అవతల గుంటూరు, తెనాలి, అన్నీ అక్కడే కలుస్తాయి. అయితే నది దాటగానే కృష్ణా కెనాల్ అనే చిన్న స్టేషన్ ఉంది. చాలామంది కిటికీలోంచి చూసి వదిలేస్తారు. దానికి పొరుగు మూడే: విజయవాడ, గుంటూరు వైపు ఒకటి, తెనాలి వైపు ఒకటి. లింకులు లెక్కపెడితే అది ఎక్కడో అడుగున ఉంటుంది. కానీ విజయవాడ నుంచి చెన్నై వైపు వెళ్లే బండైనా, గుంటూరు వెళ్లే బండైనా దాని మీదుగానే పోవాలి. ఏ రెండు చోట్ల మధ్య దగ్గరిదారి చూసినా ఒక నోడ్ ఎన్నిసార్లు అడ్డం వస్తుందో కొలిచేదాన్ని బిట్వీన్‌నెస్ అంటాం. 1977లో సోషియాలజిస్టు ఫ్రీమన్ స్థిరపరిచిన కొలత అది. ఆ లెక్కలో కృష్ణా కెనాల్ పైకి లేస్తుంది. అందుకే, ఏ ప్రశ్నకు ఏ కొలత అని అడక్కుండా ‘ముఖ్యమైన నోడ్’ అనే మాట వాడిన పేపర్ చూస్తే నాకు అనుమానమే.

అపోహ: ఎంత ఎక్కువ కలిపితే అంత భద్రం.

2012 జులై 30న ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతానికి కరెంటు పోయింది. మనకు పోలేదు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో డీసీ లింకుల (లయ పంచుకోకుండా కరెంటు మాత్రమే పంపే లింకుల) ద్వారానే కలిసి ఉంది, ఫ్రీక్వెన్సీ దేనిది దానిదే. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో ఒకటయ్యాం. అప్పటినుంచి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ జనరేటర్లూ పంజాబ్‌లోని జనరేటర్లూ 50 హెర్ట్జ్ దగ్గర ఒకే లయలో తిరగాలి. మరి కలపడం తప్పా? నా ఉద్దేశంలో కాదు. లోటున్న చోటికి కరెంటు పంపడం తేలికైంది. పెద్ద గ్రిడ్‌లో ఒక యూనిట్ ఆగినా ఫ్రీక్వెన్సీ అంతగా ఊగదు. దెబ్బ దూరం పాకే దారి కూడా దాంతోపాటే వచ్చింది. 1975లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త కురమోటో ఇచ్చిన, విడివిడి లయలు ఎలా ఒకటవుతాయో చూపే మోడల్‌కు దగ్గరి బంధువులతోనే ఈ గ్రిడ్ లెక్కలు చేస్తాం. వాటిలో ఒక కొత్త లైను చేర్చినందుకే లయ చెడిపోయే ఉదాహరణలూ ఉన్నాయి.

అపోహ (ఇది మావాళ్లది): ప్రతి నెట్‌వర్కూ స్కేల్-ఫ్రీయే.

స్కేల్-ఫ్రీ అంటే, చాలా నోడ్లకు కొద్ది లింకులే ఉండి, ఏ కొద్ది నోడ్లకో విపరీతంగా ఉండే నెట్‌వర్కు; లింకుల పంపకం పవర్ లా అనే సూత్రాన్ని పాటించాలి. 1999లో బరబాషి, ఆల్బర్ట్ అనే పరిశోధకుల పేపర్ వచ్చాక ఇదో ఫ్యాషన్ అయింది. లాగ్-లాగ్ గ్రాఫ్ (రెండు అక్షాల మీదా లాగరిథమ్‌లు వేసేది, దాని మీద పవర్ లా సరళరేఖగా కనిపిస్తుంది) మీద స్కేలు పెట్టి గీత గీయడం, పవర్ లా అనేయడం. 2019లో బ్రొయిడో, క్లాసెట్ వెయ్యికి దగ్గరగా నెట్‌వర్కులను సరైన స్టాటిస్టిక్స్‌తో పరీక్షిస్తే గట్టి ఆధారం దొరికింది 4 శాతానికే. ఇప్పటికీ నా దగ్గరకు రివ్యూకు వచ్చే పేపర్లలో ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: కంప్యూటర్‌లో బొమ్మ వచ్చిందంటే పని అయిపోయినట్టే.

లోరెంజ్ మూడు ఈక్వేషన్ల పేపర్ 1963లో వచ్చింది. ఆ ఈక్వేషన్లు కంప్యూటర్‌లో గీసే రెండు రెక్కల బొమ్మ టీషర్టుల మీదకు కూడా ఎక్కింది. అయితే ఆ ఈక్వేషన్లకు నిజంగానే అలాంటి ఎట్రాక్టర్ (దారులన్నీ చివరికి చేరుకునే ఆకారం) ఉందా, లేక కంప్యూటర్ రౌండింగ్ చేసిన మాయా అన్నది చాలాకాలం తేలలేదు. 1999లో వార్విక్ టక్కర్ రౌండింగ్ పొరపాట్లకు కూడా హద్దులు కట్టి, కంప్యూటర్ సాయంతోనే నిరూపించాడు. 36 ఏళ్లు! భౌతిక శాస్త్రవేత్త ఫీగెన్‌బామ్ కథా ఇలాంటిదే. 1975లో జేబు కాల్‌క్యులేటర్‌తో, క్రమమైన కదలిక కేయాస్‌లోకి మారే దారిలో ఎదురయ్యే 4.669 అనే స్థిరాంకాన్ని పట్టాడు, నిరూపణకు 1982లో లాన్‌ఫర్డ్ రావాల్సి వచ్చింది. చూసినవాడిదీ గొప్పే, నిరూపించినవాడిదీ గొప్పే. మన డిపార్ట్‌మెంట్లలో ఈ రెండు వర్గాలూ ఒకరినొకరు చిన్నచూపు చూసుకోవడం నాకు చిరాకు. లెక్కలవాళ్లు ‘థీరమ్ ఏది’ అంటారు, ఫిజిక్స్‌వాళ్లు ‘ప్రయోగం ఏది’ అంటారు. కొత్తగా చేరినవాళ్లకు ఇద్దరితోనూ టెన్షనే.

అపోహ: పాతికేళ్లలోపు మెరవకపోతే లెక్కల్లో భవిష్యత్తు లేదు.

ఆ 1963 పేపర్ నాటికి లోరెంజ్ వయసు 45.

అపోహ: ‘మేడమ్, మా అమ్మాయి లెక్కల పీహెచ్‌డీ అంటోంది, తిండికి సరిపోతుందా?’

సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000, దానికి హెచ్‌ఆర్ఏ అదనం. సకాలంలో పడదు, కొన్నిసార్లు నెలలు ఆలస్యమవుతుంది, కాబట్టి చేతిలో కొంత ఉంచుకోమని చెబుతాను. పర్మనెంట్ లెక్చరర్ పోస్టులు అరుదు, పోటీ గట్టిగా ఉంటుంది. అది దాచి పిల్లల్ని చేర్చుకోవడం అన్యాయం. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, పైథాన్ మూడూ చేతిలో ఉన్నవాళ్లకు డేటా, ఫైనాన్స్ కంపెనీల తలుపులూ తెరుచుకుంటాయి. గైడ్‌ను ఎంచుకునేముందు వాళ్ల దగ్గర చదివిన పాత స్కాలర్లకు ఫోన్ చేసి, థీసిస్‌కు ఎన్నేళ్లు పట్టిందో, ఇప్పుడు ఏం చేస్తున్నారో అడగమనండి.