సెన్సార్ దాటినా బొమ్మ పడదు: లంక యుద్ధ సినిమాల వెనక కథ

2025 ఆగస్టు మొదటి వారంలో తమిళనాడులో, లంక నేపథ్యంగా తీసిన తెలుగు సినిమా ‘కింగ్‌డమ్’ ఆడుతున్న థియేటర్ల ముందు తమిళ జాతీయవాద పార్టీ నామ్ తమిళర్ కట్చి కార్యకర్తలు ఆందోళనకు దిగారు. ఈలం తమిళుల్ని, అంటే లంక తమిళుల్ని, నేరస్థులుగా చూపించారన్నది వాళ్ల అభ్యంతరం. నిర్మాణ సంస్థ క్షమాపణ చెప్పుకుంది. ఇక్కడ, తెలుగువాళ్లలో చాలామందికి విషయం బోధపడలేదు. కథ కల్పితం, సెన్సారూ అయిపోయింది, ఇంకేం గొడవ? మనకి అలా అనిపించడంలో వింతేమీ లేదు. ‘ఛత్రపతి’ (2005) కూడా లంక తీరంలోనే మొదలవుతుంది. అక్కడి జనాన్ని తరిమేస్తే హీరో విశాఖ రేవులో తేలతాడు. ఎవరు ఎవర్ని ఎందుకు తరిమారన్నది ఆ కథకి అక్కర్లేదు. తెలుగు సినిమాకి లంక ఒక ఫ్లాష్‌బ్యాక్. లంకకీ తమిళనాడుకీ మధ్యనున్న పాక్ జలసంధికి ఇవతలి గట్టున ఉన్న తమిళులకి అది ఇంటి గొడవ.

ముందు ఆ గొడవ ఏమిటో నాలుగు ముక్కల్లో. 1956లో లంకలో మెజారిటీ జనం భాష సింహళాన్ని ఏకైక అధికార భాష చేశారు. 1981 మే 31 రాత్రి మొదలైన దహనకాండలో తమిళుల ప్రధాన నగరం జాఫ్నాలోని గ్రంథాలయం, సుమారు 97 వేల పుస్తకాలతో సహా, బూడిదైంది. 1983 జూలై 23న ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈ (తమిళ పులులు) 13 మంది సైనికుల్ని చంపడం, ఆ వెంటనే కొలంబోలో తమిళుల ఊచకోత. యుద్ధానికి ఆ నెలనే మొదలుగా లెక్కేస్తారు. 1987లో మన సైన్యం వెళ్లి 1990లో తిరిగొచ్చింది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య. 2009 మేలో లంక ఈశాన్య తీరాన ముల్లివైక్కాల్ దగ్గర పులుల ఓటమితో యుద్ధం ముగిసింది. ఆఖరి నెలల్లో చనిపోయిన పౌరుల సంఖ్య 40 వేల దాకా ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. ఆ లెక్కని కొలంబో ఒప్పుకోలేదు.

దీన్ని రాయడం ఎప్పుడూ సులువని కాదు. ‘ద బ్రోకెన్ పాల్మైరా’ రాసిన నలుగురిలో ఒకరైన రజని తిరణగమను 1989లో జాఫ్నాలో కాల్చి చంపారు. అయినా పుస్తకాలు ఆగలేదు. గ్రంథాలయం తగలబడినప్పుడే ఎం.ఏ. నుహ్‌మాన్, బుద్ధుణ్ణి చంపి పుస్తకాలతో కాల్చేశారని తమిళంలో కవిత రాశాడు. పులుల్లో చేరిన బాల సైనికుడు శోభాశక్తి ఫ్రాన్స్‌కి వెళ్లి ‘గొరిల్లా’ నవల రాశాడు. కొలంబో 1990ని ఒక శవం నోట చెప్పించిన షెహాన్ కరుణతిలక నవలకి 2022లో బుకర్ వచ్చింది. అదే కథ తొలి రూపంలో 2020లో మన దేశంలో వేరే పేరుతో వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పుస్తకానికి ఒక మనిషి, ఒక ప్రచురణకర్త చాలు. సినిమాకి యూనిఫాం కావాలి, తుపాకి కావాలి, ల్యాబ్ కావాలి, తెర కావాలి. వీటిలో ప్రతిదీ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. లంక యుద్ధ సినిమాల చరిత్రంతా ఆ చేతుల చరిత్రే.

సింహళ దర్శకుడు ప్రసన్న వితానగే 1997లో తీసిన ‘పురహంద కలువర’నే చూడండి. డబ్బు జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేది. సీలు వేసిన పేటికలో సైనికుడైన కొడుకు శవం వచ్చిందంటారు. చూపులేని తండ్రి వన్నిహామి నమ్మడు. పరిహారం కాగితం మీద సంతకం పెట్టడు. ఇల్లు సగంలో ఆగి ఉంది, పెట్టెయ్యమని ఊరంతా చెబుతుంది. ముసలాయన ఓ రోజు గుంత తవ్వడం మొదలెడతాడు. పేటికలో ఉన్నవి అరటి బోదె, రాళ్లు. ఒక్క బాంబు పేలదు, అయినా ప్రభుత్వానికి ఇంతకన్నా ఇబ్బందిపెట్టే సినిమా ఇంకొకటి ఉండదు. ఎందుకంటే అలాంటి సీలు పేటికలు నిజంగానే ఊరూరికీ వెళ్లాయి. 2000 ఏప్రిల్‌లో ఎలిఫెంట్ పాస్ సైనిక స్థావరం పులుల చేతికి పోయాక, యుద్ధ పరిస్థితి సాకుగా చూపి దీని విడుదల ఆపేశారు. సుప్రీంకోర్టు తీర్పుతో 2001లో బయటికొచ్చింది.

యూనిఫాం సంగతి ఇంకోలా ఉంటుంది. సైన్యం దుస్తులు, వాహనాలు అరువు తెచ్చుకోవాలంటే స్క్రిప్టు వాళ్లకి చూపించాల్సిందే. సొంతంగా కుట్టించుకుంటే అనుమతి లేదంటారు. సంజీవ పుష్పకుమార ‘ఇగిల్లెన మాలువో’ని 2013 జూలైలో కొలంబోలో ఒక చిత్రోత్సవంలో చూపించగానే సైనిక దుస్తుల్ని అవమానించారంటూ నిషేధించారు. విముక్తి జయసుందర 2005లో కాన్‌ చిత్రోత్సవంలో తొలి సినిమాకిచ్చే కెమెరా డోర్ గెలిచిన సినిమా మీదా సైనికాధికారులు ఇలాగే విరుచుకుపడ్డారు.

ల్యాబ్ కథ విచిత్రం. ఫిల్ము రీళ్ల కాలంలో సింహళ సినిమాల ప్రాసెసింగ్‌కి దగ్గరి దారి చెన్నై. సింహళ దర్శకుడు తుషార పీరిస్, ఎల్టీటీఈ నేత పేరు పెట్టిన తన ‘ప్రభాకరన్’ సినిమా ప్రింట్ల కోసం 2008 మార్చిలో అక్కడి జెమిని ల్యాబ్‌కి వచ్చాడు. తమిళ కార్యకర్తలు ఆయన్ని కొట్టారు, ప్రింట్లు కదలనివ్వలేదు. అంటే సినిమా థియేటర్ దాకా కూడా వెళ్లక్కర్లేదు, రసాయనాల దగ్గరే ఆపొచ్చు.

ఇక మన వైపు. సినిమాటోగ్రాఫ్ చట్టం 5బి సెక్షన్‌లో, సర్టిఫికెట్ నిరాకరించే కారణాల్లో దేశ భద్రత, శాంతిభద్రతలతో పాటు విదేశాలతో స్నేహసంబంధాలు కూడా ఉన్నాయి. యుద్ధం చివరి రోజుల మీద తీసిన ‘నో ఫైర్ జోన్’ డాక్యుమెంటరీకి 2014లో సర్టిఫికెట్ నిరాకరించింది ఆ మాట మీదే. తీసినవాళ్లు దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశారు. రోజా భర్తగా మనకి తెలిసిన ఆర్.కె. సెల్వమణి రాజీవ్ హత్య నేపథ్యంలో 1990ల మొదట్లో తీసిన ‘కుట్రపత్రికై’ 2007లో గానీ విడుదల కాలేదు.

సర్టిఫికెట్ వచ్చినవాటి గతి వేరు. ‘మద్రాస్ కెఫే’ (2013) ముందుజాగ్రత్తగా ఎల్టీటీఈని ఎల్టీఎఫ్ అని, ప్రభాకరన్‌ని భాస్కరన్ అని మార్చింది. ఎవరు మోసపోతారు? తమిళనాడు థియేటర్ల యజమానులు వేయలేదు. సంతోష్ శివన్ ‘ఇనం’ 2014 మార్చి 28న వచ్చి, మూడు రోజుల్లో పంపిణీదారే వెనక్కి తీసుకున్నాడు. ఆందోళనలకి భయపడి ప్రదర్శన ఆపడం ప్రభుత్వానికి తగదని సుప్రీంకోర్టు 1989లోనే ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ సినిమా కేసులో చెప్పింది. ఆ తీర్పు సర్కారుని కట్టడి చేస్తుంది. అద్దాలు పగిలితే బాగుచేయించుకోవాల్సిన థియేటర్ యజమానికి మాత్రం బొమ్మ వెయ్యమని ధైర్యం చెప్పదు.

అన్నీ దాటి ఇల్లు చేరింది మణిరత్నం సినిమా ఒక్కటే అనుకోవచ్చు. మనకి ‘అమృత’గా తెలిసిన ఆ సినిమా 2002 ఫిబ్రవరి 14న విడుదలైంది, వారం తర్వాత 22న లంకలో కాల్పుల విరమణ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వేళా కలిసొచ్చింది. కథ కూడా కన్నతల్లిని వెతుక్కునే పిల్లది కాబట్టి ఎవరి పక్షమని అడిగే పని పడలేదు.

2021లో సమంత ఈలం పోరాట యోధురాలిగా వేసిన ‘ద ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్‌ని ఆపమని తమిళనాడు ప్రభుత్వం కేంద్రానికి లేఖ రాసింది. అయినా జూన్ 4న స్ట్రీమింగ్‌కి వచ్చేసింది. అక్కడ అడ్డుకోవడానికి ల్యాబూ లేదు, హాలూ లేదు. ‘కింగ్‌డమ్’ మాత్రం థియేటర్లకి వెళ్లింది.