తెరచాప గాలివాటంగా పోదు: చెరువు మీది సెయిలింగ్‌పై అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు, కొన్నిసార్లు వారి తల్లిదండ్రులకు కూడా, ఆదివారాల్లో తెరచాప పడవ నడపడం నేర్పుతున్నాను. కొత్తగా వచ్చినవారు గట్టు మీద నిలబడి అడిగే ప్రశ్నల్లోనే అపోహలన్నీ బయటపడతాయి కనుక వాటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: గాలి ఎటు వీస్తే పడవ అటే పోతుంది.

‘గాలివాటం’ అన్న మాట మన భాషలో అంతగా పాతుకుపోవడం వల్ల కాబోలు, ఈ నమ్మకం మనవారిలో బలంగా కనిపిస్తుంది. వెనుక నుంచి గాలి తోస్తే పడవ కదలడం నిజమే గాని, తెరచాప అసలు పనితనం గాలి పక్క నుంచి వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పుడది పక్షి రెక్కలా పనిచేసి పడవను ముందుకూ పక్కకూ లాగుతుంది. అడుగున నీటిలోకి దిగి ఉండే డాగర్‌బోర్డు అనే పలక పక్కకు జారనివ్వదు కనుక పడవ ముందుకే సాగుతుంది. గాలికి సూటిగా ఎదురు మాత్రం ఏ తెరచాపా పోలేదు. ఎదురుగాలికి ఇరువైపులా సుమారు 45 డిగ్రీల మేర దారి మూసి ఉన్నట్టే భావించి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతూ వెళ్లాలి. ఆ లెక్కన ఎదురుగాలిలో కిలోమీటరు దూరం చేరడానికి దాదాపు 1.4 కిలోమీటర్లు నడపాలి. ఎదురుగాలిలో బయలుదేరిన చోటికి తిరిగి రాగలిగిన రోజునే ఒకరికి పడవ నడపడం వచ్చిందని నేను లెక్కవేస్తాను.

అపోహ: సముద్రంతో పోలిస్తే చెరువు మీద సెయిలింగ్ పిల్లలాట.

పెద్ద అలలు ఉండవు కనుక నేర్చుకునేవారికి చెరువు అనుకూలమే. గాలి సంగతి వేరు. సముద్రం మీద అది చాలాసేపు ఒకే దిక్కు నుంచి నిలకడగా వీస్తుంది; చెరువు చుట్టూ భవనాలు, చెట్లు, గట్లు అడ్డుపడటంతో అది మాటిమాటికీ దిక్కూ జోరూ మార్చుకుంటుంది. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం నాలుగింతలవుతుంది కనుక, విసురు తాకాక కాదు, తాకకముందే సిద్ధపడాలి. నీటి మీద నల్లగా ముడతలు పడుతూ దగ్గరకు వచ్చే మచ్చే దానికి గుర్తు. జాతీయ స్థాయి పోటీలు హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న హుస్సేన్ సాగర్ మీద జరుగుతుండగా చెరువును చులకన చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: పడవ బోల్తా పడితే ప్రాణాలు పోయినట్టే.

చిన్న సెయిలింగ్ పడవలు బోల్తా పడినా మునగవు. డాగర్‌బోర్డు మీద బరువు వేసి వాటిని తిరిగి నిలబెట్టడం మేము నేర్పే తొలి పాఠాల్లో ఒకటి. ఒడ్డు దగ్గరే కదా అని పడవను వదిలి ఈదబోవడంలోనే అసలు ప్రమాదం ఉంది. నా తొలినాళ్లలో నేనూ అలాగే ఈదబోయి సగం దూరంలోనే అలసిపోయాను. లైఫ్ జాకెట్ ఉండబట్టి తేలుతూ నిలిచాను. ఈత ఎంత బాగా వచ్చినా జాకెట్ లేనివారిని నేను పడవ ఎక్కించను.

అపోహ: ఇది ధనవంతుల ఆట.

నేర్చుకోవడానికి సొంత పడవ అవసరం లేదు. పిల్లలు మొదలుపెట్టే ఆప్టిమిస్ట్ పడవ పొడవు సుమారు 2.3 మీటర్లే. ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళా సెయిలర్, చెన్నైకి చెందిన నేత్రా కుమనన్‌కు ఈ క్రీడ ఒక వేసవి శిబిరంలోనే పరిచయమైంది.

అపోహ: వేగంగా పోయే పడవదే గెలుపు.

సాధారణంగా ఒక పోటీలో అందరివీ ఒకే తరహా పడవలు కనుక తేడా నడిపేవారి నేర్పులోనే ఉంటుంది. బ్రేకులు లేని పడవను అయిదు నిమిషాల ముందు వచ్చే హెచ్చరిక నుంచి ఆరంభ రేఖ వెనుకే తిప్పుతూ, సరిగ్గా సమయానికి దాటించాలి. ముందే దాటినవారు వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరాలి. కుడివైపు నుంచి గాలి అందుకుంటున్న పడవకు, ఎడమవైపు నుంచి అందుకుంటున్నది దారి ఇవ్వాలి. తప్పు చేసినవారు ఎవరూ చెప్పకుండానే పడవను గుండ్రంగా తిప్పి శిక్ష పూర్తి చేసుకోవాలి. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2 చొప్పున పాయింట్లు పడతాయి, మొత్తం తక్కువ వచ్చినవారే విజేతలు. అందుచేత ఒక రేసులో మొదటి స్థానం, మరోదానిలో పదో స్థానం వచ్చినవారి కంటే రెండింటిలోనూ మూడో స్థానంలో నిలిచినవారే ముందుంటారు.