కోచింగ్‌కు ముందే తేల్చుకోవాల్సింది: ఏ పరీక్ష, ఎవరి కోసం?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లలు విదేశం మాట ఎత్తగానే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ ఎక్కడని వెతుకుతారు. అంతకంటే ముందు, ఆ స్కోరు అడిగేదెవరో తేల్చుకోవాలి. ఈ పరీక్షలు ఒక్కోటి ఒక్కో అవసరానికి పుట్టాయి.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరే విదేశీయుల కోసం 1964లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష మొదలైంది. బ్రిటన్‌లో 1980లో వచ్చిన ఈఎల్‌టీఎస్ స్థానంలో 1989లో ఐఈఎల్‌టీఎస్ వచ్చింది. బ్రిటిష్ కౌన్సిల్, కేంబ్రిడ్జి, ఆస్ట్రేలియాకు చెందిన ఐడీపీ దాన్ని కలిసి నడిపాయి. మొదట్లో సైన్సు, వైద్యం, ఆర్ట్స్ వాళ్లకు వేర్వేరు పేపర్లుండేవి. 1995లో వాటన్నిటినీ ఒకే అకడమిక్ పేపర్‌గా మార్చారు. ఉద్యోగం, వలసల కోసం రాసే జనరల్ ట్రైనింగ్ పేపర్ మాత్రం విడిగానే ఉండిపోయింది. లిజనింగ్, స్పీకింగ్ రెండింట్లోనూ ఒకటే. రీడింగ్, రైటింగ్ వేరు. కెనడాలో స్థిరపడేందుకు దరఖాస్తు చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి జనరల్ ట్రైనింగ్ కావాలి. అకడమిక్‌లో ఎంత మంచి స్కోరు వచ్చినా అక్కడ చెల్లదు.

2014లో బ్రిటన్‌లో టోయిక్ అనే మరో ఇంగ్లీషు పరీక్షలో మోసాలు బయటపడి వేలాది వీసాలు రద్దయ్యాయి. నిజాయితీగా రాసినవాళ్లూ అందులో నలిగిపోయారు. ఆ మరుసటి ఏడాది నుంచి చాలా రకాల బ్రిటన్ వీసాలకు హోంశాఖ ఆమోదించిన కేంద్రాల్లో రాసిన పరీక్షలనే లెక్కలోకి తీసుకుంటున్నారు. బ్రిటన్ వీసాల కోసం రాసే యూకేవీఐ ఐఈఎల్‌టీఎస్ అలా వచ్చింది. ప్రశ్నల తీరు మామూలుదాని లాంటిదే, ఫీజు మాత్రం ఎక్కువ. వీసా ఏ రకమో చూసుకోకుండా మామూలుది బుక్ చేస్తే మళ్లీ రాయాల్సి రావచ్చు.

ఎక్కువగా దెబ్బతినేది నర్సులు. నర్సుల నమోదు చూసే బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌కు ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 7 చొప్పున, రైటింగ్‌లో 6.5 ఉండాలి. రైటింగ్‌కూ 7 అడిగిన రోజుల్లో అక్కడే ఆగిపోయినవాళ్లు ఎందరో. 2018 చివర్లో దాన్ని తగ్గించారు. ఒకరికి లిజనింగ్‌లో 8, రీడింగ్‌లో 7.5, రైటింగ్‌లో 6, స్పీకింగ్‌లో 7 వచ్చాయనుకోండి. సగటు 7.125, ఓవరాల్ 7. రైటింగ్ 6 కాబట్టి ఆ ఒక్క స్కోరుతో దరఖాస్తు ముందుకు కదలదు. వ్యాసం దగ్గర తడబడే నర్సులకు, వైద్యరంగం వాళ్ల కోసమే ఉన్న ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష నయం. అందులో కేసు వివరాలు చదివి 45 నిమిషాల్లో ఉత్తరం రాయాలి, అది రోజూ వార్డులో చేసే పనికి దగ్గర.

పరీక్ష రాయడానికి రాయగడ, జయపురం వాళ్లకు భువనేశ్వర్ కంటే విశాఖ దగ్గర. ఎక్కడ బుక్ చేసినా పాస్‌పోర్టులో ఉన్న పేరే ఇవ్వాలి. మన ఇళ్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా సర్టిఫికెట్లలో అది చివరికి చేరుతుంది, కొన్నింట్లో పొడి అక్షరమే మిగులుతుంది. తేడా ఉంటే పాస్‌పోర్టు సరిచేయించాకే బుక్ చేయండి. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి, పత్రాలు సిద్ధం కాకముందే తొందరపడి రాయకండి.